ఎక్స్ఛేంజిలో కొత్తమ్మాయి

కాలేజీలో పిల్లలు ఆమెని మేడమ్ అంటారు. పెద్దాసుపత్రి మార్చురీలో గుమాస్తా ఆమె గేటు దాటడం చూస్తే చాలు, వచ్చింది మహాతల్లి, ఇవాళ మనకి తిండి లేనట్టే అని గొణుక్కుంటాడు. సైకిల్ షాపు పైన మేడగదిలో చేరే ఆమెలాంటివాళ్ళు మాత్రం పంతులమ్మ అన్న పేరు ఖాయం చేశారు. మగపిల్లాడు పుట్టాడని ఆసుపత్రివాళ్ళు చెప్పిన మాట ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆమె ఒప్పుకోలేదు. చదువుకునే వయసులోనే ఆడదానిగా ఇంటి గడప దాటింది, తల నెరవబోతుండగా డాక్టరేటు తెచ్చుకుంది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మొండిది ఏమవుతుందో మాత్రం ఏ సామెతా చెప్పలేదు, ఆ సంగతి పంతులమ్మే చూపించాల్సి వచ్చింది.

ఆమె పరిశోధనంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. తనలాంటివాళ్ళు చచ్చిపోయాక ఏమవుతారు? స్వర్గానికా నరకానికా అని కాదు లెండి, ఆ లెక్కలు చూసేవాళ్ళు వేరే ఉన్నారు. ఎవరు తీసుకుపోతారు, ఏ బట్టలు తొడుగుతారు, ఏ పేరు చెప్పి మట్టి చేస్తారు అని. ఇల్లొదిలిన కొత్తలో ఆమెని చేరదీసి, ఇంత తిండి పెట్టి, ఫీజు కట్టి చదివించింది మేడగదిలో పెద్దావిడ. అందరూ పెద్దమ్మ అనేవాళ్ళు. బతికినన్నాళ్ళూ ఆడదానిలాగే బతికిన మనిషి. ఆవిడ పోయిన రోజున ఎన్నడూ మొహం చూపించని చుట్టాలు వ్యాను వేసుకుని దిగారు. జుట్టు కత్తిరించారు, ప్యాంటూ చొక్కా తొడిగారు, ఎవరూ వినని పేరొకటి చెప్పి తీసుకుపోయారు. మేడగదివాళ్ళు పరుగున వెళ్ళి చూసేసరికి శవపెట్టెలో ఎవరో ముసలాయన పడుకుని ఉన్నాడు.

ఆ ముసలాయన పంతులమ్మకి నిద్ర పట్టనివ్వలేదు. అప్పట్నుంచీ తనవాళ్ళలో ఎవరు పోయినా మార్చురీ గుమ్మంలో ముందు నిలబడేది ఆమే. వకీలుని తెచ్చేది, పెద్ద డాక్టరుతో వాదించేది, కలిసి బతికినవాళ్ళకే శవాన్ని ఇప్పించేదాకా కదిలేది కాదు. మిగతా రోజుల్లో టేపురికార్డరు పట్టుకుని ముసలివాళ్ళ గదులకి వెళ్ళి, మీరు పోయాక మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలి, ఏ బట్టలు కట్టాలి అని అడిగి రికార్డు చేసుకునేది. కొందరు తిట్టేవాళ్ళు, ఏమే, మమ్మల్ని అప్పుడే పంపించేస్తున్నావా అని. తిట్టినవాళ్ళే టీ ఇచ్చి, ఎర్ర గౌను, మర్చిపోకు అని చెప్పేవాళ్ళు. కాలేజీలో మొదటి పాఠం ప్రతి ఏడూ ఒకటే. మనిషి నేను ఫలానా అంటే ఫలానాయే, దిద్దడానికి వాళ్ళేం పరీక్ష పేపర్లు కాదు అనేది.

ఇంతమంది కోసం ఇంత చేసింది కదా, సొంతానికి ఆమెకి కావలసింది మాత్రం ఒక్కటే. అమ్మ తనని చూసి ఒక్కసారి కూతురా అనాలి. డాక్టరేటు చేసినావిడ ఇలాంటి చిన్నపిల్ల కోరిక పైకి చెప్పుకుంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ఇల్లొదిలినప్పుడు అమ్మ గుమ్మంలో నిలబడి ఒకే ఒక్క మాట అంది. కొడుకుగా వస్తే ఈ తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది, ఇలా వస్తే నాకెవరూ లేరు అని. ఆ కన్నతల్లికి ఈ పిల్ల. మొండితనం ఎక్కణ్ణించి వచ్చిందో వేరే చెప్పాలా? నాన్న పోయినప్పుడు పంతులమ్మ వెళ్ళి ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడితే, అమ్మ చూసింది, చూసి కిటికీ వేసేసింది. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆమె కొడుకుగా వెళ్ళలేదు, ఆ తలుపు ఆమెకి తెరుచుకోలేదు.

చివరికి తలుపు తీసింది వదిన. అమ్మకి మతిమరుపు జబ్బు ముదిరింది. చూసుకోడానికి పెట్టిన ఆయాలు ఒకరి తర్వాత ఒకరు దండం పెట్టి వెళ్ళిపోయారు. అన్నయ్యకి ఇనుప సామాను కొట్టు, పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. వదినకి తల ప్రాణం తోకకి వచ్చింది. ఒకరోజు ఫోన్ చేసి, మొహమాటపడుతూనే, అత్తయ్య ఎవర్నీ గుర్తుపట్టడంలేదు, నువ్వొచ్చినా గొడవేమీ ఉండదు అంది. పిలుపంటే ఇలా ఉండాలి! పంతులమ్మకి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళ నీళ్ళొచ్చాయి. కాలేజీలో సెలవు పెట్టేసి మర్నాడు పొద్దున్నే ఆ వీధిలోకి వెళ్ళింది.

అమ్మ హాల్లో కిటికీ పక్కన, బల్ల ముందు కుర్చీలో కూర్చుని ఉంది. సగానికి సగమైపోయింది. బల్ల అంచు మీద పాత బూట్ల తాళ్ళు వరసగా పరిచి పెట్టుకుని, ఒకదాని కొస పట్టుకుని ఏదో కన్నంలో దూర్చుతున్నట్టు గాలిలో పొడుస్తోంది. తలెత్తి పంతులమ్మని పైనుంచి కిందదాకా చూసింది.

"కొత్తగా వచ్చావా?"

పంతులమ్మ కళ్ళు తుడుచుకుంది.

"భయపడకు. మొదటిరోజు నేనూ ఏడ్చాను. రా, ఇలా నా పక్కన కూర్చో. వీపు నిటారుగా పెట్టు, సూపర్‌వైజరు వెనకనించి వస్తుంది."

పెళ్ళికి ముందు అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. పెళ్ళయ్యాక మాన్పించారు. ఆ ఉద్యోగం ఊసు పిల్లల దగ్గర ఎన్నడూ ఎత్తిన మనిషి కాదు. ఇప్పుడు మిగిలిందంతా చెరిగిపోయి ఆ ఎక్స్ఛేంజి ఒక్కటే మిగిలింది. చెవులకి హెడ్‌ఫోను ఉన్నట్టు జుట్టు వెనక్కి నెట్టుకుంటుంది, తీగ దూర్చి నంబరు చెప్పండి అంటుంది, పక్కసీటు వైపు వంగి గుసగుసలాడుతుంది. పంతులమ్మ వీపు నిటారుగా పెట్టి పక్కసీట్లో కూర్చుంది. అమ్మ పక్కన కూర్చుని ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టుకోడానికి కూడా ఆమెకి ధైర్యం చాల్లేదు.

ఆదివారం అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు. ఆయనది మంచి మనసే, కాకపోతే తప్పు కనపడితే దిద్దకుండా ఉండలేడు. ఇది ఎక్స్ఛేంజి కాదమ్మా, మన హాలు, నేను నీ పెద్దకొడుకుని, నీకు ఎనభై దగ్గరపడ్డాయి అని విడమరిచి చెప్పేవాడు. ఒక్కో మాటకీ అమ్మ మొహం పాలిపోయేది. దిద్దకు అన్నయ్యా, ఆవిడ ఎక్కడున్నానంటే అక్కడే ఉంది అంది పంతులమ్మ. నీ కాలేజీ పాఠాలు కాలేజీలో చెప్పుకో అన్నాడాయన. కానీ వదిన కళ్ళున్న మనిషి. ఈమె పక్కన కూర్చున్నరోజు అత్తయ్య అరవడంలేదని, స్నానానికి మొరాయించడంలేదని కనిపెట్టింది. దాంతో హాలు ఎక్స్ఛేంజి అయిపోయింది, పంతులమ్మ అందులో కొత్తమ్మాయి అయిపోయింది.

యాభై దాటిన కొత్తమ్మాయికి అమ్మ పని నేర్పింది. పై ఊరినుంచి ట్రంకు కాల్ వస్తే ముందు ఏ లైను చూడాలో, కోపంగా మాట్లాడేవాడికి ఎలా జవాబివ్వాలో, నిద్రొస్తే సూపర్‌వైజరుకి కనపడకుండా ఎలా కునుకు తియ్యాలో అన్నీ చెప్పింది. మధ్యాహ్నంపూట లైన్లు ఖాళీగా ఉన్నప్పుడు కబుర్లు. రోజూ ఒకాయన పనేమీ లేకపోయినా ఫోన్ చేసి, టైమెంతయింది అని అడిగి, నీ గొంతు బాగుంటుంది అని పెట్టేస్తాడట. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారట, పెళ్ళంటే భయంగా ఉందట. జాకెట్టు బిగుతు దగ్గర్నుంచీ నెలనొప్పుల దాకా, ఆడది ఆడదానితో మాత్రమే చెప్పుకునే మాటలన్నీ చెప్పింది. ఒకరోజు పంతులమ్మ జుట్టు చూసి, ఇంత జుట్టు పెట్టుకుని ఇలా వదిలేస్తారా పిల్లా అని, వెనక్కి తిప్పి కూర్చోబెట్టి జడ వేసింది. చిక్కు లాగితే నొప్పి పుట్టింది. కూతురికి ఎవరైనా జడ ఎప్పుడేస్తారు? ఏడెనిమిదేళ్ళప్పుడు. పంతులమ్మకి అది యాభై దాటాక జరిగింది.

ఆ రోజుల్లో మేడగదిలో పంతులమ్మ తనలో తను నవ్వుకుంటూ తిరిగేది. అక్కడ ఒక పిల్ల ఉంది, మార్చురీ గుమ్మంలో అది నోరు తెరిస్తే అయిదంతస్తులు కదులుతాయని దానికి సైరన్ అని పేరు. ఎవరండీ పంతులమ్మా ఆ అదృష్టవంతుడు అని సైరన్ ఆటపట్టిస్తే, మా అమ్మ అంది. సైరన్ వచ్చి ఆమె పక్కన కూర్చుంది, మిగతావాళ్ళూ దగ్గరికి జరిగారు. వాళ్ళలో చాలామంది అమ్మలు కిటికీలు వేసుకున్నవాళ్ళే.

ఎక్స్ఛేంజి సుఖమంతా పగటిపూటే. వెలుగు తగ్గేసరికి అమ్మకి షిఫ్టు అయిపోయేది. తాళ్ళు పక్కన పెట్టేసి లేచి కిటికీ దగ్గరికి పోయేది. అప్పుడామె ఇద్దరు పిల్లల తల్లి. పెద్దాడు ఇంట్లోనే ఉన్నాడు, చిన్నోడు ఇంకా రాలేదేం అని మొదలుపెట్టేది. వీధిలో పోయే ప్రతి మగపిల్లాణ్ణీ వంగి చూసేది. వాడు ఆకలికి ఆగలేడు, ఎక్కడున్నాడో ఏమో అని ఇల్లంతా తిరిగేది. ఒకసారి అన్నయ్య విసుగెత్తి పంతులమ్మని చూపించి, ఇదిగో నీ చిన్నోడు, ఇన్నాళ్ళూ నీ పక్కనే ఉన్నాడు అన్నాడు. అమ్మ ఆమె మొహంలోకి చూసి ఫక్కున నవ్వింది. పిచ్చివేషాలు వెయ్యకురా, ఆ పిల్ల ఏమనుకుంటుంది అంది. పంతులమ్మ కూడా నవ్వింది, నవ్వక ఏం చేస్తుంది?

అక్కడితో పోతే బాగుండేది. అమ్మ తిండి మానేసింది. చిన్నోడు తినకుండా నేనెలా తింటాను, వాడొచ్చాక తింటా అని పళ్ళు బిగబట్టేది. చెంచా పెదాల దాకా వెళ్ళి వెనక్కొచ్చేది. డాక్టరు చూసి, మందులతో అయ్యేది కాదు, తింటే కొన్నాళ్ళు ఉంటారు, తినకపోతే చెప్పలేను అన్నాడు.

ఇక్కడ పంతులమ్మ ఒక తప్పు చేసింది. ఇంకెవరైనా అయితే చేసేవాళ్ళు కాదు, ఆమె చదువు చదివినవాళ్ళే చేస్తారు. మనిషి ఏదంటే అదే నిజం అనుకుని బతికింది కదా, అమ్మకి చిన్నోడు ఉంటే చిన్నోడు ఉన్నట్టే అనుకుంది. వంటింట్లోకి వెళ్ళి సెల్‌ఫోనులోంచి హాల్లో ఫోనుకి చేసింది. అమ్మ ఎత్తి, నంబరు చెప్పండి అంది.

"అమ్మా, నేను. చిన్నోణ్ణి."

ఆ గొంతుని వదిలించుకోడానికి ఆమె ఏళ్ళ తరబడి అద్దం ముందు కూర్చుని సాధన చేసింది. ఎక్కడ దాక్కుని ఉందో ఇన్నాళ్ళూ, ఒక్క పిలుపుకి వచ్చేసింది. అవతల అమ్మ ఏడుస్తూ నవ్వుతూ, తిన్నావా నాన్నా అంటోంది. తిన్నానమ్మా, నువ్వు తిను అంది. అమ్మ గిన్నెడు గంజి తాగింది. వదిన గోడకి ఆనుకుని హమ్మయ్య అంది.

అలా కొన్నాళ్ళు సాగింది. పొద్దున కొత్తమ్మాయి, చీకటి పడేవేళకి ఫోనులో చిన్నోడు. తర్వాత అమ్మకి అది చాల్లేదు. గొంతుదేముందిరా, రోజూ వంద గొంతులు వింటాను నేను, మొహం చూపించు అంది. మొహం చూపిస్తేనే తింటానని ఫోను పెట్టేసింది. ఈసారి పట్టిన పట్టు విడవలేదు. చిన్నోడు ఉన్నాడని చెప్పింది తనే, నమ్మించింది తనే, ఇప్పుడు తెచ్చి చూపించమంటే పంతులమ్మ ఎక్కణ్ణించి తెస్తుంది?

అన్నయ్య కొట్టు మూసేసి వచ్చి వంటింట్లో పీట మీద కూలబడ్డాడు. గట్టిగా మాట్లాడటం తప్ప ఏడవడం రాని మనిషి, ఆ రోజు ఏడ్చాడు. నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు, నువ్వెలా బతుకుతానంటే అలా బతికావు, ఒక్కసారి చొక్కా వేసుకుని రా, నీ కాళ్ళు పట్టుకుంటాను అన్నాడు. పంతులమ్మకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. చిన్నోడిగా పోతే అమ్మ తింటుంది. పోతే అమ్మ పక్కసీటు పోతుంది, ఎందుకంటే టోపీ పెట్టి జడ దాచడానికి కుదరదు, ఇంట్లో టోపీ ఏంట్రా అని తీసి తల నిమిరే తల్లి అది. జుట్టు తియ్యాల్సిందే.

మేడగదిలో చెప్పింది. చెప్పకుండా చెయ్యడం ఆమెకి చేతకాదు. సైరన్ మొహం ఎర్రబడింది.

"పెద్దమ్మకి వాళ్ళు చేసిందే నువ్వు నీకు చేసుకుంటున్నావు పంతులమ్మా. బతికుండగానే."

"పెద్దమ్మని ఎవరూ అడగలేదే. నన్ను మా అమ్మ అడిగింది."

"నిన్ను కాదు అడిగింది," అంది సైరన్. చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఉన్నమాటే అది. అందుకే అంత గుచ్చుకుంది.

తనని ఎరిగినవాళ్ళు లేని వీధి వెతుక్కుని ఒక మంగలిషాపులో కూర్చుంది. మంగలి ఏమీ అడగలేదు, జడ చేత్తో ఎత్తి పట్టుకుని, మొత్తమేనా అన్నాడు. మొత్తమే అంది. కత్తెర గట్టిగా ఆడింది. అద్దంలో ఒక్కొక్కరుగా నాన్న, అన్నయ్య, ఎవరో తెలియని నడివయసాయన కనిపించారు. ఆమె చివరిదాకా చూడలేక కళ్ళు మూసుకుంది. అన్నయ్య పాత చొక్కా వేసుకుని, ఆయన వెనకే ఆ ఇంటి గడప తొక్కింది. ముప్ఫై ఏళ్ళ కిందట పెట్టిన షరతు అమ్మకి గుర్తులేదు, కానీ గెలిచింది అమ్మే.

అమ్మ చూసింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"వచ్చావట్రా చిన్నోడా!" అని రెండు చేతులూ చాపింది. తల నిమిరింది, చెంపలు నిమిరింది, ఎంత చిక్కిపోయావురా అంది. ఇద్దరూ ఒకే గిన్నెలోంచి తిన్నారు. అన్నయ్య తలుపు పక్కన నిలబడి మొహం తుడుచుకున్నాడు. వదిన పక్కింటివాళ్ళకి కూడా చెప్పింది, మరిది వచ్చాడని. ఇంటిల్లిపాదీ అంత సంతోషంగా ఉంటే పంతులమ్మ ఒక్కతే ఏడవడం బాగుండదని ఆమె కూడా నవ్వుతూ కూర్చుంది.

ఇక రోజూ చిన్నోడే వచ్చేవాడు. అమ్మకి ఒంట్లో కాస్త సత్తువ వచ్చింది. చిన్నోడితో మాట్లాడే మాటలు వేరు. చదువు సంగతేమిటి, ఉద్యోగం చూసుకున్నావా, రోడ్డు మీద జాగ్రత్త, అంతే. భయాలూ బిగుతు జాకెట్లూ ఏవీ కొడుకు దగ్గర చెప్పరు కదా. పగలు బల్ల ముందు కూర్చున్నప్పుడు మాత్రం అమ్మ పక్కసీటు వైపు చూసేది. కొత్తమ్మాయి డ్యూటీకి రాలేదేం అని వదినని అడిగేది. ఉద్యోగం మానేసిందత్తయ్యా అని వదిన ఒకసారి చెప్పింది. ఆ పూట అమ్మ ఒక్క ఫోను కూడా కలపలేదు.

ఒక మధ్యాహ్నం అన్నయ్య కొట్లో ఉన్నాడు, వదిన బట్టలారేయడానికి డాబా మీదికి పోయింది. అమ్మ మంచం మీద పడుకుని చిన్నోడి చెయ్యి పట్టుకుని ఉంది. కాసేపు ఆ వేళ్ళు నిమిరింది. తర్వాత చిన్నగా మొదలుపెట్టింది.

"మా దగ్గర ఒక కొత్తమ్మాయి ఉండేదిరా. నువ్వు చూడలేదు."

"ఎలా ఉండేదమ్మా?"

"మంచిపిల్ల. ఏం చెప్పినా వినేది. నాకో కూతురుంటే ఇలాగే ఉండేది అనుకునేదాన్ని." అమ్మ కళ్ళు తుడుచుకుంది. "చెప్పకుండా వెళ్ళిపోయింది. నేనేమైనా అన్నానేమోరా. నా నోరు మంచిది కాదు. నువ్వు వెతికి తీసుకురా నాన్నా, ఏమీ అననని చెప్పు."

బతుకంతా ఎదురుచూసిన మాట. వచ్చింది, చిన్నోడికి వచ్చింది. పంతులమ్మ నోరు తెరిచింది, ఏ గొంతుతో జవాబు చెప్పాలో తెలియలేదు. తీసుకొస్తానమ్మా అని మాత్రం అని, లేచి పక్కగదిలోకి పరిగెత్తింది. చొక్కా విప్పి పడేసింది. మూలనున్న సంచిలోంచి తన ఆకుపచ్చ గౌను తీసి వేసుకుంది. అద్దం చూడలేదు. కత్తిరించిన తల మీద వదిన శాలువా చుట్టుకుంది. అది జారిపోతుంటే చేత్తో పట్టుకుని వచ్చి మంచం దగ్గర నిలబడింది.

"నేనమ్మా. కొత్తమ్మాయిని. వచ్చేశాను."

అమ్మ చూసింది. పరీక్షగానే చూసింది. చెయ్యి చాపి శాలువా వెనకాల మెడ దగ్గర తడిమింది, ఉండాల్సింది ఏదో అక్కడ లేనట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. కోప్పడలేదు, భయపడలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఫోన్ చేస్తే ఎంత మర్యాదగా మాట్లాడాలో కొత్తమ్మాయికి తనే నేర్పిన గొంతుతో అంది.

"ఆమె ఇప్పుడు డ్యూటీలో లేదండీ. వస్తే మీరడిగారని చెబుతాను."

పంతులమ్మ మోకాళ్ళ మీద కూలబడి, నేనేనమ్మా, నన్ను చూడు, నేనే అంటూనే ఉంది. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. వదిన డాబా దిగి వచ్చేసరికి గదిలో ఉన్నది చిన్నోడూ కాదు, కొత్తమ్మాయీ కాదు. నేల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తున్న ఒక మనిషి.

ఆ తర్వాత అమ్మ ఎవరి కోసమూ అడగలేదు. తిండికి నోరు తెరవలేదు. చిన్నోణ్ణి తెస్తే చిన్నోణ్ణి చూడలేదు, పెద్దాడు పిలిస్తే పలకలేదు. ఆ వారమే ఒక పొద్దున అందరూ చుట్టూ ఉండగానే ఊపిరి ఆగిపోయింది.

పెట్టె హాల్లో పెట్టారు. జనం వస్తున్నారు. పంతులమ్మ ఆకుపచ్చ గౌనులో పక్కగదిలోంచి రావడం చూసి అన్నయ్య ఆమెని లోపలికి తీసుకుపోయాడు. ఈసారి కూడా గట్టిగా మాట్లాడలేదు. చొక్కా తెచ్చి చేతిలో పెట్టి, ముందువైపు నేను, నా పక్కన నువ్వు, అమ్మని ఇద్దరం మోద్దాం అన్నాడు. అలా కుదరదంటే నీ ఇష్టం, జనంలో నిలబడు, కానీ పెట్టె దగ్గరికి ఇలా రాకు అన్నాడు.

"అమ్మ ఆఖరున అడిగింది కూతుర్ని, అన్నయ్యా."

"ఆమె మతిలో లేదు కదా." ఆయన ఆ మాట జాలిగానే అన్నాడు. "నిన్ను చూసి చిన్నోడా అందే, అదొక్కటే ఆమె మతిలో ఉండి అన్నమాట."

మార్చురీ గుమ్మాల్లో డాక్టర్లనీ పోలీసులనీ నిలబెట్టి కడిగేసిన మనిషికి ఇక్కడ చూపించడానికి ఏమీ లేకపోయింది. కూతురుంటే అన్న మాట విన్నది తనొక్కతే. అందరి మాటలూ టేపు మీద భద్రంగా దాచిన పంతులమ్మ దగ్గర ఈ మాటకి టేపు లేదు, సాక్షి లేదు. చొక్కా మడతపెట్టి కుర్చీ మీద పెట్టింది.

"చిన్నోడు అమ్మ కోసం వచ్చాడన్నయ్యా. అమ్మ లేదు. వాడిక రాడు."

పెట్టె మోయడానికి అన్నయ్య పక్కన పక్కింటాయన నిలబడ్డాడు. పంతులమ్మ జనం వెనకగా నడిచి గేటు బయటికి వచ్చింది. అక్కడ మేడగదివాళ్ళంతా వచ్చి గోడవార నిలబడి ఉన్నారు. సైరన్ కూడా వచ్చింది. ఆ రోజు మెట్లు దిగి వెళ్ళిన తర్వాత మళ్ళీ మాట్లాడని పిల్ల, దగ్గరికి వచ్చి ఆమె కత్తిరించిన తల చూసి పెదవి కొరుక్కుంది. పోదాం పదండి పంతులమ్మా, మేమున్నాంగా, గేటు దగ్గర నిలబడి అడుగుదాం, మోయనివ్వమందాం అంది. వద్దని తల ఊపింది పంతులమ్మ. పెట్టె వాళ్ళ ముందునుంచే వెళ్ళింది. అది మలుపు తిరిగేదాకా చూసి అప్పుడు నోరు తెరిచింది.

"నాకో కూతురుంటే ఇలాగే ఉండేది అంది సైరనూ. మా అమ్మ. నా గురించే అంది."

"ఎవరితో అంది?"

"నాతోనే. నేనని తెలియక అంది. తెలిసుంటే అనేది కాదు."

సైరన్ ఆమెని పట్టుకుంది. తన చున్నీ తీసి ఆ కత్తిరించిన తల మీద కప్పి, జారిపోకుండా చేత్తో పట్టుకుంది.